అండమాన్ వెళ్తున్నారా? ముందు పిల్లలకు తేలడం నేర్పించండి



సంక్రాంతి సెలవులకు అండమాన్ టికెట్లు తీసుకున్నామని మా తరగతుల్లో కొందరు పిల్లలు ఇప్పటి నుంచే చెప్పుకుంటున్నారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, కొందరికి అది చుట్టాలింటి ప్రయాణమే. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. అక్కడి నుంచి హావ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, వెళ్తే స్నార్కెలింగ్ ఎలాగూ ఉంటుంది.

మాస్క్ పెట్టుకుని నీళ్లలోకి చూస్తే కనిపించే రంగురంగుల బండలు నిజానికి పగడాలు. ఒక్కోదాని మీద వేలాది చిన్న జీవులు పక్కపక్కనే కాపురముంటాయి. వాటి ఒంట్లోని సూక్ష్మమైన నాచు ఎండ సాయంతో వాటికి ఆహారం తయారు చేస్తుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ నాచు పోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో అలా పెద్ద ఎత్తున జరిగింది. బండలా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. మీ ఐదో తరగతి అబ్బాయి పుట్టినప్పటి నుంచి లెక్కేసినా జానెడు ఉండదు.

అది విరగడానికి మాత్రం ఒక్క క్షణం చాలు. స్నార్కెలింగ్ చేసే చోట నీళ్లు చాలావరకు లోతు తక్కువ. మాస్క్‌లోకి కాస్త నీరు రాగానే తేలడం రాని పిల్లలు భయపడి నిలబడిపోతారు. కాలి కింద పగడం విరుగుతుంది, పాదమూ కోసుకుంటుంది. ఆ గాటు ఓ పట్టాన మానదు. పెద్దవాళ్లూ ఇదే చేస్తారు. అందుకే వెళ్లేలోపు దగ్గర్లోని స్విమ్మింగ్ పూల్‌లో నాలుగు రోజులు వెల్లకిలా తేలడం, నోటితో ఊపిరి తీయడం అలవాటు చేయించండి. అక్కడ లైఫ్ జాకెట్ ఎలాగూ వేస్తారు, కానీ జాకెట్ భయాన్ని పోగొట్టదు.

స్కూబా డైవింగ్‌కు సాధారణంగా పదేళ్లు నిండాలి. ఆస్తమా, చెవి నొప్పి, జలుబు ఉంటే ఫారంలో దాచకండి. డబ్బు కట్టేశాం కదా అని పంపొద్దు. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. నీటి లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకి వెళ్లాక బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. టూర్ ఏజెంట్ డైవింగ్‌ను ఆఖరి రోజున పెడితే మార్పించండి.

పుడిమడక బీచ్‌లో గవ్వలు ఏరే మన పిల్లలు అక్కడా జేబులు నింపుతారు. పగడాలకు, కొన్ని రకాల శంఖాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చచ్చిన పగడం ముక్క అయినా ఎయిర్‌పోర్ట్ తనిఖీలో తీసేసుకుంటారు. పైగా ఖాళీ శంఖంలో కాపురం పెట్టే పీతలుంటాయని చెబితే పిల్లలు వాళ్లంతట వాళ్లే తిరిగి పెట్టేస్తారు. చేపలకు బిస్కెట్లు వేయడమూ వద్దు. సన్‌స్క్రీన్ పులమడం కన్నా ఫుల్ హ్యాండ్స్ స్విమ్మింగ్ డ్రెస్ నయం. పగడాలకు హాని అని ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని 2021 నుంచి హవాయిలో ఆపేశారు.

జాలీ బాయ్ దీవి ప్లాన్‌లో ఉంటే ఒక మాట. అది, రెడ్ స్కిన్ దీవి ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తారు, రెండోదానికి ఆ నెలల్లో విశ్రాంతి. వండూర్ జెట్టీలో ప్లాస్టిక్ కోసం సంచులు వెతుకుతారు కాబట్టి ఇంటి నుంచే స్టీలు బాటిల్ పట్టుకెళ్లండి.

— సైన్స్ టీచర్, అనకాపల్లి బ్రాంచ్