నల్ల అట్లకాడ, జారిపోయిన సున్నా

నల్ల ప్లాస్టిక్ అట్లకాడల్ని బయట పారేయండని 2024లో అమెరికా పత్రికలు గట్టిగానే రాశాయి. అందుకు కారణం కీమోస్ఫియర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన ఒక పరిశోధన. టీవీల పెట్టెలకు నిప్పంటుకోకుండా ప్లాస్టిక్‌లో కొన్ని బ్రోమిన్ రసాయనాలు కలుపుతారు. ఆ పాత ప్లాస్టిక్‌ని కరిగించి మళ్లీ పోతపోస్తున్నప్పుడు అవే గరిటెల్లోకి వచ్చేస్తున్నాయని ఆ పరిశోధన తేల్చింది. ఆ రసాయనాల్లో ఒకటి రోజుకు 34,700 నానోగ్రాముల దాకా ఒంట్లోకి చేరవచ్చనీ, 60 కిలోల మనిషికి హద్దు 42,000 కాబట్టి ప్రమాదం దగ్గర్లోనే ఉందనీ లెక్కకట్టారు. అసలు హద్దు కిలో బరువుకు 7,000. అరవైతో హెచ్చవేస్తే 4,20,000. ఒక సున్నా జారిపోయిందన్నమాట. ఆ డిసెంబరులో సవరణ వచ్చాక, ముందు భయపడ్డవాళ్లే ఇదంతా వట్టిదేనని తేల్చేశారు. అదీ తొందరపాటే. హద్దు ఎంతైనా, టీవీ పెట్టె ప్లాస్టిక్‌కి మూకుట్లో ఏం పని?

ప్లాస్టిక్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. గొలుసులో అతుక్కోకుండా మిగిలిన ముడిపదార్థం, మెత్తదనానికీ రంగుకూ కలిపినవీ ఆ సందుల్లో ఉంటాయి. అవి కదిలి బయటికి రావడానికి వేడి ఊతమిస్తుంది. వాటిలో చాలావాటికి నీళ్లకన్నా నూనె అంటేనే ఇష్టం. పులుపు కొన్నింటిని విడగొడుతుంది, తక్కినపని కాలం చూసుకుంటుంది. అందుకే ప్లాస్టిక్ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు, దాంతో ఏం చేస్తున్నామని అడగాలి. కందిపప్పు పోసుకున్న డబ్బాతో దాదాపు పేచీ లేదు. అదే డబ్బాలో ఆవకాయ పెడితే వేడి లేకపోయినా నూనె, పులుపు, నెలల తరబడి సమయం మూడూ కలుస్తాయి. జాడీయే మేలు. నైలాన్ గరిటెల్ని 70 డిగ్రీలు దాటిన వంటలో ఎక్కువసేపు ఉంచొద్దని జర్మనీ ప్రభుత్వ సంస్థ బిఎఫ్ఆర్ హెచ్చరించింది. పోపు నూనె వేడి దానికి రెట్టింపు పైనే ఉంటుంది. మెలమైన్ పళ్లేల నుంచి వేడికి ఫార్మాల్డిహైడ్ ఊరుతుంది. అన్నం వడ్డించుకోవడానికి పనికొస్తాయి కానీ మైక్రోవేవ్‌లో పెట్టడానికి కాదు.

ఫుడ్ గ్రేడ్ ముద్ర ఉందిగా అంటారు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల ప్రకారం ఆహారంలోకి దిగే పదార్థమంతా కలిపి కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పరీక్ష నిర్ణీత వేడిలో, నిర్ణీత సమయంలో జరుగుతుంది. నిల్వ డబ్బాగా నెగ్గిన డబ్బా, మరిగే సాంబారు పోసే గిన్నెగా కూడా నెగ్గినట్టు కాదు. హద్దు లోపలే ఉన్నాం, ఇంకెందుకు బెంగ అనేది మరో మాట. ఇందులో కొంత నిజముంది, కానీ హద్దులు రాతిమీద చెక్కినవి కావు. బిస్ఫినాల్-ఎ (బిపిఎ)కి ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో కిలో బరువుకు రోజుకు 4 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది, 2023లో దాన్ని 20,000వ వంతుకు కోసేసింది. ఇది మరీ విపరీతమంటూ బిఎఫ్ఆర్ దాన్ని ఒప్పుకోలేదు. అయినా అది సూచించిన హద్దు కూడా పాతదానిలో ఇరవయ్యో వంతే. ఆహారాన్ని తాకే వస్తువుల్లో ఆ రసాయనాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది, ఆ చట్టం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. బిపిఎ లేదని రాసిన సీసాల్లో దాని దాయాదులైన వేరే బిస్ఫినాల్స్ వాడుతుంటారు కాబట్టి, వాటిలో ప్రమాదకరమైనవాటినీ అదే చట్టంలో చేర్చారు.

లోహాలు మాత్రం ఊరవా అంటే, ఊరుతాయి. చింతపండు పులుసు అల్యూమినియం గిన్నెను కొద్దికొద్దిగా తింటుంది. పులుసుకి స్టీలు గిన్నె, దోసెకి స్టీలు లేదా చెక్క అట్లకాడ చాలు, ఖర్చూ పెద్దది కాదు. చిక్కంతా మన చేతిలో లేని వంటతోనే. కర్రీ పాయింట్‌లో పొగలు కక్కే పప్పుచారు పల్చటి కవర్లో పోసి ముడేస్తారు. ఇడ్లీ రేకుల మీద బట్టకు బదులు ప్లాస్టిక్ షీట్ పరిచి ఆవిరి పడతారు. ఈ రెండోదాన్ని కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో నిషేధించింది. పప్పుచారుకి ఇంటినుంచి స్టీలు క్యారియర్ పట్టుకెళ్లొచ్చు. ఇడ్లీ దేనిమీద ఉడికిందో తినేవాడికి కనబడదు, కాబట్టి అది చూడాల్సింది ఆహార భద్రత అధికారులే.