ఓడెక్కని నక్షత్రం

మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం వెయ్యడం మా నాన్న ఏనాడూ మరిచిపోలేదు. వెయ్యకపోతే వారం తిరక్కుండా బొద్దింకలు నక్షత్రాన్ని తినేస్తాయి. డిసెంబరు మొదటి ఆదివారం విశాఖ ఉక్కునగరంలోని మా క్వార్టర్లో ఆ జిగురు ఉడికేది. మైలుతుత్తం విషం కాబట్టి దానికో సొట్ట సత్తుగిన్నె విడిగా ఉండేది. ఏడాదికొక్కసారే అటక దిగేది.

వెదురు బద్దలు పది కావాలి. అయిదింటితో ఒక నక్షత్రం, మిగిలిన అయిదింటితో ఇంకొకటి. రెంటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, అయిదు కొసల దగ్గరా పురికొసతో బిగించి కట్టాలి. ఆ తర్వాత లోపలి అయిదు మూలల్లో బెత్తెడేసి పుల్లలు అడ్డంగా దూర్చాలి. అంతవరకూ చాపలా పడి ఉన్నది అయిదో పుల్ల దూరగానే పొట్ట ఉబ్బించుకుని లేచి కూచుంటుంది. ఆ ఒక్క పుల్ల కోసం నేనూ తమ్ముడూ పుస్తకాలు మూసేసి కాచుకుని ఉండేవాళ్ళం. ఆపైన గాలిపటాల కాగితం. వెనకవైపు బల్బు పట్టేంత సందు వదిలి, మిగతా అంతా ముడత పడకుండా అతకాలి. ముడత పడిందా, రాత్రి దీపం వెలిగాక వీధి మొత్తానికీ కనిపిస్తుంది.

బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసే మనిషికి ఈ కాగితాల పనేమిటండీ అని ఎదురింటి మాస్టారు ఏడిపించేవారు. "అక్కడైతే షిఫ్టు దిగేముందు లాగ్‌బుక్కు రాయాలి మాస్టారూ, దీనికి అక్కర్లేదు" అనేవారు నాన్న.

ఈ ముఖచిత్ర కథనం కోసం విశాఖ చుట్టుపట్ల క్రిస్మస్ చేతిపనులు ఏమేం ఉన్నాయా అని బయల్దేరినప్పుడు నా తలలో ఉన్నది ఆ నక్షత్రమే. తిరగ్గా తిరగ్గా తేలింది వేరు. ఈ తీరంలో చేతులు అందమైన సామాను చెయ్యక కాదు. బ్రహ్మాండంగా చేశాయి, మూడు వందల ఏళ్ళుగా చేస్తున్నాయి. కాకపోతే అందులో చాలామటుకు వేరేవాళ్ళ ఇళ్ళకు. చేసింది చేసినట్టే ఓడెక్కిపోయింది.

మొదటి సాక్ష్యం ఒక పెట్టె. మ్యూజియం వాళ్ళూ పాత వస్తువుల వేలంపాటల వాళ్ళూ ఇవాళ్టికీ దాన్ని 'వైజాగపటం' పెట్టె అనే అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి పనివాళ్ళు తూర్పిండియా కంపెనీ దొరలకు దంతం తాపడం చేసిన బీరువాలు, రాతబల్లలు చేసిపెట్టారు. పంతొమ్మిదో శతాబ్దానికి పని చిన్న వస్తువుల మీదికి మళ్ళింది. గంధపుచెక్క పెట్టె, పైన దంతపు రేకు లేదా కొమ్ము, తాబేటి చిప్ప. దంతం మీద సన్నని మొనతో లతలు గీసి, ఆ గీతల్లో నల్లలక్క నింపి తుడిచేసేవారు. గీతలో ఉన్నది ఉండిపోయి, పైది పోయేది. వీటిలో ఎక్కువ పేరు పడ్డవి దొరసానుల కుట్టుపెట్టెలు. కొన్నిటిని అచ్చం చిన్న బంగళాలాగా చేశారు, ఇంటికప్పే మూత. మూత తీస్తే దారపు రీళ్ళకో అర, సూదులకో అర. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం దంతపు పని చూడొచ్చు. ఆ చేతులు మన ఊరివి, వాటిలో చాలామటుకు పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. దంతం వ్యాపారం ఆగిపోవడం మంచిదే, ఏనుగు బతకాలి. కానీ ఆ పెట్టె మన ఇళ్ళలో కుట్టుకోవడానికి చేసింది కాదు మరి.

విశాఖ పాతపట్నంలో, అదే కాలంలో, ఇంకో పని ఇటునుంచి అటు కాక అటునుంచి ఇటు జరిగింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడ ఓడ దిగారు. ఇద్దరూ అయిదారేళ్ళు తిరక్కుండానే కన్నుమూశారు. ఈలోగా డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంతకుముందు బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు బైబిలు అచ్చుకు నోచుకోక రాతప్రతిగానే ఉండిపోయింది. జ్ఞానుల ముందు నడిచిన నక్షత్రం ఉన్నది మత్తయిలో. పశువుల తొట్టి, గొర్రెల కాపరులు ఉన్నది లూకాలో. అంటే మనం ఏటా వరండాలో కట్టే నక్షత్రమూ, హాల్లో పేర్చే పశువులపాకా తెలుగు అచ్చులోకి నడిచొచ్చిన దారి విశాఖ పాతపట్నం మీదుగానే. ఈ సంగతి తెలిసిన రోజు మా నాన్నకు చెప్తే, "అయితే మైదా ఖర్చు వాళ్ళ ఖాతాలో రాద్దాం" అన్నారు.

శ్రావణంలో క్రిస్మస్

విశాఖ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. ఎలమంచిలి దాటాక హైవే దిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని మళ్ళీ పట్టాలెక్కించిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే. ఇవన్నీ అందరూ రాసేవే. నేను వెళ్ళింది గంటల కోసం. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే బొటనవేలంత గంటలు, బుడ్లు.

అంకుడు కర్ర ఆరబెట్టి ఉంటుంది. ముక్కను యంత్రానికి బిగిస్తే గిర్రున తిరుగుతుంది. ఉలి ఆనించగానే పొట్టు తీగలు తీగలుగా లేచి ఒళ్ళో పడుతుంది. రెండు నిమిషాల్లో గంట ఆకారం. ఆపైన కుంచె లేదు, డబ్బా లేదు. రంగు కలిపిన లక్కబిళ్ళను తిరుగుతున్న కర్రకు నొక్కిపెడతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. పసుపుకొమ్ము, జాఫ్రా గింజ, నీలి, అన్నీ చెట్టూ చేమా ఇచ్చిన రంగులే. చివరికి ఎండిన మొగలి ఆకు ముక్క పెట్టి రుద్దుతారు. అప్పుడొస్తుంది మెరుపు. అంతవరకూ అది గోడకు కొట్టిన సున్నంలా మొద్దుగా ఉంటుంది.

"మీ ఇంట్లో ఒకటైనా కట్టుకున్నారా?" అని అడిగాను, ఉలి పట్టుకున్న ఆవిడను.

"మాకేటి సెట్టమ్మా? మాది సంకురాత్రి. ఇయి పైదేశాలోళ్ళకి. డిసెంబరు ఒచ్చేసరికి మా దగ్గర ఒక్క గంటుండదు. శావణంలోనే ఎల్లిపోతాయి."

నిజమే. సముద్రం మీద వెళ్ళాలి, గోడౌన్లలో దిగాలి, కొట్లలో చేరాలి. అందుకని ఏటికొప్పాకలో క్రిస్మస్ వరలక్ష్మీవ్రతం రోజుల్లో వచ్చి వెళ్ళిపోతుంది. ఆవిడ పొట్టు దులుపుకుంటూ ఒక మాట అంది: "మొన్నామధ్య ఫొటో సూపించారు. ఆళ్ళ సెట్టుకి మన గంట. బానే ఉంది గానీ, మరీ పైకి కట్టేసినారు. పిల్లలకి అందదు."

ఏడు రేకుల పువ్వు

మా అమ్మది నర్సాపురం పక్క పల్లె. నర్సాపురం లేసు సంగతి గోదావరి జిల్లాల వాళ్ళకు చెప్పక్కర్లేదు. 1840ల్లో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీలు మెక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకు అల్లిక నేర్పారని చెబుతారు. కొక్కెం ఉన్న ఒక చిన్న సూది, తెల్లదారం, అంతే పెట్టుబడి. అరుగు మీద కూచుని అల్లొచ్చు, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అల్లొచ్చు. ఒకళ్ళు పువ్వులు అల్లితే, ఇంకొకళ్ళు అతుకుపని చేసి టేబుల్‌క్లాతు చేస్తారు. ఎంత దారం అల్లితే అంత కూలి. 2024లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది.

'ఇంట్లో ఖాళీగా కూచోకుండా ఏదో కాలక్షేపానికి' అనే మాట ఉంది చూశారూ, దాన్ని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ గట్టిగా పట్టుకుంది. 1982లో ఆమె అచ్చేసిన పుస్తకం నర్సాపురం లేసు ఆడవాళ్ళ గురించే. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే మనిషిని శ్రామికురాలిగా కాక గృహిణిగా లెక్క రాసుకోవడం వల్లే ఆ కూలి అంత తక్కువగా ఉంటోందని ఆమె వాదన. మా అమ్మమ్మ ఆ పుస్తకం చదవలేదు. చదివితే "ఆరేంటి, ఆషాఢం వస్తే పది" అనేది. క్రిస్మస్ బల్లలకు వెళ్ళే సరుకు త్వరగా పంపాలని షావుకారు మనిషి రోజూ వచ్చి గుమ్మంలో నిలబడే రోజులవి.

అంత అల్లిన అమ్మమ్మ ఇంట్లో బల్ల లేదు. బల్ల లేకపోతే గుడ్డేం పరుస్తారు? ఉన్నది ఒకే ఒక్క లేసుముక్క. అదీ తిరిగొచ్చింది కాబట్టి. చేటంత గుండ్రని ముక్క, అంచు చుట్టూ ఎనిమిదేసి రేకుల పువ్వులు. ఒక పువ్వుకు మాత్రం ఏడు. లెక్కపెట్టి చూస్తే తప్ప తెలియదు. షావుకారు దగ్గర లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారు. ముక్క వెనక్కి ఇచ్చి దారం ఖరీదు కూలిలో పట్టుకున్నారు. ఆ రోజు అల్లుతుండగా ఎవరో పిల్లకు జ్వరమని పిలిస్తే లేచి వెళ్ళిందట. ఆ పిల్ల మా అమ్మే.

పెళ్ళికి అమ్మమ్మ ఆ ముక్కను అమ్మ పెట్టెలో పెట్టింది. మా ఇంట్లో అది ఏడాదంతా టీవీ మీద ఉండేది. డిసెంబరులో దిగి పశువులపాకలోకి వచ్చేది. బ్రౌన్ పేపరు నలిపి చేసిన కొండలు, పళ్ళెంలో మొలకెత్తించిన రాగి పచ్చిక, మట్టి కాపరులు, కాపరికన్నా పొడుగ్గా ఉండే ఏటికొప్పాక ఎద్దు. గడ్డి మీద ఆ లేసు. దాని మీద బాలయేసు. అమ్మ ఏటా ముక్కను తిప్పి తిప్పి, ఏడు రేకుల పువ్వు సరిగ్గా తల కిందికి వచ్చేలా పరిచేది. ఎందుకని అడిగితే "దిండు మెత్తగా ఉంటుంది" అనేది.

వంటింటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, లేకపోతే కథనమంతా అదే తినేస్తుంది. గులాబీపువ్వుల అచ్చును ముందు నూనెలో బాగా కాలనివ్వాలి. పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. అచ్చు పైఅంచు దాటి పిండి ఎక్కిందా, పువ్వు ఇక జారదు. సూదితో పొడిచినా రాదు. మొదటిది ఎప్పుడూ అంటుకుపోతుంది, అది చేసినవాళ్ళు తినాలి. అరిసెలు, కజ్జికాయలు సరే సరి. డబ్బాలు నిండాక గిన్నెల మీద చేతిగుడ్డలు కప్పి ఇంటింటికీ పంచడం మా తమ్ముడి డ్యూటీ. ఇందులో ఏదీ దుకాణానికి పోదు, ఓడెక్కదు. నాలుగు మెట్లు ఎక్కి పైపోర్షనుకు పోతుంది, ఖాళీ గిన్నెలో పంచదార వేసుకుని తిరిగొస్తుంది.

ఒక ఏడాది 24వ తేదీ రాత్రి నాన్నకు సీ షిఫ్టు పడింది. పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా. బ్లాస్ట్ ఫర్నేసుకు పండగ లేదు, ఆర్పి వెలిగించే పొయ్యి కాదది. ప్లాంట్లో మూడు ఫర్నేసులకూ ఆడపేర్లే: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నాన్న గోదావరి మీద. "మా గోదావరి ఒదిలి వస్తే ఇక్కడా గోదావరే, ఇదేమో మనిషిని ఇంటికి పంపదు" అని అమ్మ గొణిగింది. క్యారేజీలో గులాబీపువ్వులు పెట్టి ఇచ్చింది. విరిగిపోతాయండీ జాగ్రత్త అంది.

పదకొండింటికి క్యారల్స్ వాళ్ళు వచ్చారు. వందనాలమ్మా అని గిటారు, డప్పు, ఒక పాట, ప్రార్థన, తలో అరిసె. వాళ్ళు వెళ్ళాక వీధి సద్దుమణిగింది. సముద్రం వైపు గాలికి నక్షత్రం అటూ ఇటూ తిరుగుతోంది. మంచుకు కాగితం మెత్తబడి ఒక కొస దగ్గర కాస్త జారింది. తమ్ముడు నిద్రపోయాడు. అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని లేసుసూది తీసింది. ఎవరి ఆర్డరూ లేదు, ఏం అల్లుతోందో తనకే తెలియదనుకుంటా, ఒక వరస అల్లేది, విప్పేది. "లైటు తీసెయ్యనా?" అన్నాను. ఇళ్ళన్నిట్లో ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

"ఉండనీ. మీ నాన్న మలుపు తిరిగాక కనపడాలి కదా."

ఆరున్నరకు స్కూటరు చప్పుడైంది. అప్పటికి తెల్లగా తెల్లారిపోయింది, నక్షత్రంలో బల్బు వెలుగుతోందో లేదో కూడా తెలియడం లేదు. నాన్న గేటు దగ్గర ఆగి, తల ఎత్తి, జారిన కొస చూశారు. టోపీ తీసి బండి మీద పెట్టి, "జిగురు గిన్నె అటకెక్కించేశావా?" అని అడిగారు.