వార్తల్లో పదం: ఫామ్ 1099-సి

అమెరికాలో బ్యాంకో, క్రెడిట్ కార్డు సంస్థో 600 డాలర్లు లేదా అంతకు మించిన బాకీని రద్దు చేస్తే, ఆ వివరాలతో నింపే పత్రమే ఫామ్ 1099-సి. ఒక ప్రతి అప్పు తీసుకున్న వ్యక్తికి, మరొకటి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు వెళ్తుంది.

తీర్చనక్కర్లేని అప్పును అక్కడి చట్టం ఆదాయంగా లెక్కిస్తుంది. 1931లో కర్బీ లంబర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని నిలబెట్టింది.

అయితే దివాలాకు మినహాయింపు ఉంది. దివాలా చట్టమైన టైటిల్ 11 కింద కోర్టు రద్దు చేసిన అప్పు, ఎంత పెద్దదైనా, ఆదాయం కాదు. ఆస్తుల కంటే అప్పులు ఎక్కువై, కోర్టుకు వెళ్లనివారికి మాత్రం ఆ లోటు మేరకే మినహాయింపు దక్కుతుంది.

దివాలా మినహాయింపు కోరుతున్నట్టు పన్ను రిటర్నుతో పాటు ఫామ్ 982 జతచేయాలి. అందులో 1ఎ గడిలో టిక్కు పెట్టి, మినహాయించిన మొత్తాన్ని రాయాలి. బదులుగా, తర్వాతి సంవత్సరాలకు తీసుకెళ్లగల వ్యాపార నష్టాలు, కొన్ని పన్ను క్రెడిట్లు, ఆస్తుల కొనుగోలు విలువ లాంటివి ఉంటే ఆ మేరకు తగ్గించుకోవాలి.

వ్యక్తిగత అప్పు దివాలాలో రద్దయితే 1099-సి పంపాలన్న నిర్బంధం సాధారణంగా సంస్థలకు లేదు. అయినా కొన్నిసార్లు వస్తుంది. వస్తే దాన్ని పక్కన పడేయకూడదు. ఐఆర్‌ఎస్ దగ్గరున్న ప్రతికీ రిటర్నుకూ పొంతన కుదరకపోతే పన్ను నోటీసు రావచ్చు. దివాలా తీసి కోలుకుంటున్న కుటుంబానికి అది మోయరాని భారం. అమెరికాలోని తెలుగువారు ఇలాంటి పరిస్థితిలో ఉంటే కోర్టు ఉత్తర్వును భద్రపరచుకుని, పన్ను నిపుణుల సలహా తీసుకోవాలి.