బంతి విసరువాని మోచేయి

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో జొన్నచేనికి కావలి యుండి, మంచెపై నుండి వడిసెల త్రిప్పిన పెద్దలు నేటికిని పలువురు గలరు. సాయంకాలమునకు భుజమును మోచేయియు నెట్లు లాగెడివో వారికి వేరుగ చెప్పనక్కరలేదు. విసరుటయే జీవనోపాధిగా గల యొక యువకుని వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

అతని పేరు కుమార్ రాకర్. 1999 నవంబరు 22వ తేదీన అమెరికాలో జనించెను. తండ్రి ట్రేసీ రాకర్ ఆ దేశపు ఫుట్‌బాలు ఆటలో పేరు పొందినవాడు. తల్లిని గన్నవారు ఆంధ్రప్రదేశ్ నుండి వలసపోయిన దంపతులు. పేరు వినినంతనే మన వాడకట్టులోని పిల్లవానిని పిలిచినట్లుండును.

అతని యాట బేసుబాలు. అందు పిచ్చరనువాడు చిన్న దిబ్బపై నిలిచి, అరువది యడుగుల కవతల కర్ర పట్టి నిలిచినవాని వైపునకు బంతిని నేల తాకకుండ విసరును. మోచేతిని వంచి విదలించుట క్రికెట్టులో నిషిద్ధము. ఇందు అదియే ప్రాణము. గంటకు 90 మైళ్లు మించు ఆ వేగపు భారమంతయు మోచేతి యెముకలను కలిపి యుంచు నొక సన్నని స్నాయువుపై పడును. రెండవ బేసు కాచువానికి కాలి చురుకుదనము ముఖ్యము. దగ్గరి విసరులే యెక్కువ. పిచ్చరుకో, మోచేయి పోయినచో బ్రతుకుతెరువే పోవును.

2019 జూన్ 8వ తేదీన కుమార్ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము పక్షమున డ్యూక్ జట్టుపై 131 బంతులు విసరి, ఒక్క హిట్టైనను ఈయక, 19 మారులు ఎదిరి ఆటగాండ్రను మూడు తప్పులకు వెడలగొట్టెను. అప్పటికతని వయస్సు పందొమ్మిదేండ్లు! ఆ యేడు కళాశాలల ఛాంపియను పదవి వాండర్‌బిల్టుదే.

2021లో న్యూయార్క్ మెట్స్ వారతనిని 10వ వానిగా కోరుకొనియు, వైద్యపరీక్ష చూచి ఒప్పందము మానుకొనిరి. సంతలో ఎద్దు పండ్లు చూచి బేరము విడిచినట్లే గదా! అతడు చిన్న లీగులో ట్రై-సిటీ జట్టున ఆడి, 2022లో టెక్సాస్ రేంజర్స్ వారికి 3వ యెంపిక యయ్యెను. మరుసటి మే నెలలో మోచేతికి శస్త్రచికిత్స తప్పలేదు.

ఈ చికిత్సను 1974లో ఫ్రాంక్ జోబ్ అను వైద్యుడు టామీ జాన్ అను పిచ్చరుకు మొదట చేసెను. కుడి ముంజేతినుండి స్నాయువు తీసి, ఎడమ మోచేత కట్టెను. రోగి 1976లో మరల ఆటకు దిగి, 1989 వరకు విసరెను.

కుమార్ పదునారు నెలలు వేచెను. 2024 సెప్టెంబరు 12వ తేదీన సియాటిల్ నగరమున పెద్ద లీగులో తొలిసారిగా దిబ్బ యెక్కి, నాలుగు ఇన్నింగ్సులలో ఒక్క పరుగే యిచ్చి, ఏడుసారులు కర్ర పట్టినవారిని వెడలగొట్టెను.