గాజు పలకల మీద సామాన్యులు

నిజాం కొలువును ఫోటోలకెక్కించిన సికింద్రాబాద్ స్టూడియో, కరవు బాధితులనూ చరిత్రలో నిలిపింది

1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన ఊరు సికింద్రాబాద్. కంటోన్మెంట్ అధికారులు, వర్తకులు, 1874లో వచ్చిన రైలు... ఫోటో స్టూడియో నడవడానికి కావలసినవన్నీ ఇక్కడున్నాయి. 1880లలో లాలా దీన్ దయాళ్ ఇక్కడే స్టూడియో పెట్టారు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందారు.

సరిగ్గా ఆ కాలంలోనే ఐరోపా చిత్రకారులు కొందరు రాజులనూ దేవతలనూ వదిలి సముద్రతీరాలకు చేరారు. ఇంగ్లండ్‌లోని న్యూలిన్ రేవులో చేపలు అమ్మే జనాన్ని స్టాన్‌హోప్ ఫోర్బ్స్ 1885లో చిత్రించాడు. డెన్మార్క్‌లోని స్కాగెన్‌లో మైకేల్ ఆంకర్ జాలరులను గీశాడు. కష్టజీవి ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపడమే వాళ్ల పట్టుదల. దక్కన్‌లో ఆ పని కుంచె కన్నా ఎక్కువగా కెమెరా చేసింది.

కరవు శిబిరాల్లో

పొడి ప్లేట్లు రాకముందు, తడి ప్లేటు పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరేలోపే ఫోటో తీసి కడగాలి. చీకటిగదిని వెంట మోసుకెళ్లాల్సిందే. అవి వచ్చాక ఆ బరువు తప్పింది, కెమెరా జనంలోకి వెళ్లగలిగింది. 1899-1900 కరవులో ఔరంగాబాద్ ప్రాంతపు సహాయక పనులను దీన్ దయాళ్ సంస్థ ఫోటోలు తీసింది. సర్కారు చేసిన మేలు చూపడం వాటి ఉద్దేశం. కానీ లెన్స్ మేలుతో పాటు ఆకలినీ పట్టుకుంది. దర్బారు ఫోటోల్లో ప్రతి నగకూ ఇచ్చిన స్పష్టతే ఇక్కడ ఎండిన ఒంటికీ దక్కింది. నా దృష్టిలో ఈ స్టూడియో గొప్పతనం అక్కడే ఉంది.

దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన సంస్థ గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. 2006లో ఆయన పేర తపాలా బిళ్ల వచ్చింది. ఆయనను తలచుకునే ప్రతిసారీ మనం నవాబులనూ వైస్రాయ్‌లనూ ముందుకు తెస్తున్నాం. వాళ్లకు పేర్లున్నాయి, బిరుదులున్నాయి. కరవు పనుల్లో నిలబడ్డవారికి ఆ ఫోటో తప్ప మరో ఆనవాలు లేదు. సికింద్రాబాద్ తన ఫోటోగ్రాఫర్‌ను గౌరవించదలిస్తే, నిజాం ఫోటో పక్కనే, అదే పరిమాణంలో, ఆ కూలీల ఫోటోనూ వేలాడదీయాలి.