తంగేడు పూవంత వేడి

మొన్న మనవడితో కలిసి తిరుమల కొండకు పోయివచ్చాను. మహాద్వారం దాటుతుండగా వాడు తలెత్తి, "తాతా, ఆ గడ్డపారను అక్కడెందుకు వేలాడదీశారు?" అన్నాడు. వెనకవాళ్ళు తోస్తున్నారు. గోవిందా అంటూ లోపలికి పోయి, దర్శనం చేసుకుని, బయట లడ్డూ తింటూ కథ చెప్పాను. రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు స్వామి పూలతోట కోసం చెరువు తవ్వుతుంటే, నిండు చూలాలైన భార్య మన్ను మోస్తూ ఉంది. స్వామి పిల్లవాడి వేషంలో వచ్చి ఆమెకు సాయం చేశాడు. ఇంకొకరి సాయం పనికిరాదని పట్టుబట్టిన అనంతాళ్వారు కోపంతో గునపం విసిరితే పిల్లవాడి గడ్డానికి తగిలింది. మూలవిరాట్టు గడ్డానికి పచ్చకర్పూరం పెట్టేది అందుకేనంటారు. ఆ గునపమే ఇది.

వాడు అంతా విని, "సరే, దాన్ని చేసిందెవరు?" అన్నాడు.

ఈ ప్రశ్న ఎనభై ఏళ్ళలో నాకెప్పుడూ తట్టలేదు. కథలో స్వామి ఉన్నాడు, ఆళ్వారు ఉన్నాడు, ఆయన భార్య ఉంది. కమ్మరి లేడు. ఆ గునపం సంగతి చెప్పలేను గానీ, గడ్డపారలు చేసిన ఒక చేతిని మాత్రం నేను చూశాను. ఆ కబుర్లు చెబుతాను.

నేను పుట్టింది 1944లో. ఆ ఏడు ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ కొండకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచాడు. అంతకుముందు అలిపిరి మెట్లో, చంద్రగిరి వైపునుంచి శ్రీవారి మెట్టో, నడకైనా డోలీ అయినా అంతే. కొండ కింద మా ఊళ్ళో ఒక కొలిమి ఉండేది. ఆచారి తాత అప్పటికే ముసలివాడు. తెల్లదొరల కాలమంతా దాగలి ముందు కూర్చుని గడిపినవాడు. "ఆ రోడ్డు తవ్విన గడ్డపారలకు పదును పట్టింది నేనే" అని చెప్పుకునేవాడు. ఒక్కడే అన్నిటికీ ఎలా పడతాడని మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడనిపిస్తుంది, రాతిమీద గడ్డపార ఒక పూట పనికే మొద్దుబారుతుంది. కొండ కింది కొలుములన్నిటికీ చేతినిండా పని ఉండే ఉంటుంది.

కొలిమి పాక ఎప్పుడూ చీకటిగా ఉండేది. కిటికీ పెట్టుకునే స్తోమత లేదేమో అనుకునేవాణ్ణి. ఒకరోజు వెలుతురు వస్తుందని తడిక పక్కకు జరిపితే ముసలాయన అరిచాడు: "రేయ్, మూయ్‌రా! రంగు కనపడదు!"

అసలు కిటుకు అక్కడుంది. ఆయన దగ్గర థర్మామీటరు లేదు, ఇనుము రంగే థర్మామీటరు. కాలిన ఏ వస్తువైనా 500 డిగ్రీలు దాటాక చీకట్లో మసకగా వెలగడం మొదలుపెడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు. ఎండలో చూస్తే ఆ మసక ఎరుపు కళ్ళకు ఆనదు, కడ్డీ నల్లగానే కనిపిస్తుంది. ఇంకా కాలలేదనుకుని మళ్ళీ నిప్పుల్లో పెడితే పని చెడుతుంది. అందుకే చీకటి. ముసలాయన రంగులకు డిగ్రీలు లేవు, పూలూ కాయలే. పండు మిరప అంటే సుమారు 750, మోదుగ పువ్వు అంటే 950, తంగేడు పువ్వు అంటే 1100 దాకా. ఇవి నేను తర్వాత కాలేజీ పుస్తకాల్లో చదివి అతికించిన అంకెలు. వేడిని బట్టి రంగు ఎందుకిలా మారుతుందో లెక్కకట్టి సూత్రం రాయడానికి జర్మనీలో మాక్స్ ప్లాంక్‌కు 1900 దాకా పట్టింది. ఆ లెక్కలోనుంచే క్వాంటం శాస్త్రం పుట్టింది.

కొలిమి ఒక్కడితో నడవదు. ఆచారి తాత భార్య, అవ్వ, తిత్తులు ఊదేది. రెండు తోలు తిత్తులు, ఒకటి గాలి పీల్చేటప్పుడు ఇంకొకటి వదలాలి. నడుమ గాలి తెగితే బొగ్గు మీద బూడిద కమ్ముకుంటుంది. పెద్దకొడుకు సమ్మెట. తండ్రి చిన్న సుత్తితో ఎక్కడ తడితే అక్కడే సమ్మెట పడాలి, మాట ఉండదు. ఉత్త దాగలి మీద టింగుమని కొడితే ఆపమని. చిన్నవాళ్ళు బొగ్గు ఏరడం, నీళ్ళ తొట్టి నింపడం. ఆ ఇంట్లో పిల్లలు అక్షరాలకంటే ముందు రంగులు నేర్చేవాళ్ళు.

ఇక నీళ్ళలో ముంచడం. ఎర్రగా కాలిన ఉక్కు కొడవలిని చుయ్యిమని ముంచితే గట్టిపడుతుందని అందరికీ తెలుసు. ఎందుకు? ఉక్కులో ఇనుముతోపాటు వందలో ఒక పాలుకు అటూఇటూగా కార్బన్ ఉంటుంది. సుమారు 800 డిగ్రీల దగ్గర ఇనుప పరమాణువులు వేరే తీరులో సర్దుకుని కార్బన్‌ను లోపలికి రానిస్తాయి. నెమ్మదిగా చల్లారితే కార్బన్ బయటికి జరిగి ఓ పక్కన కూర్చుంటుంది. ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే? మన వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు కిక్కిరిసి ఉన్నప్పుడు గేటు వేసేసినట్టు! ఎవరూ ఇటునుంచి అటు కదలలేరు. వరసలు ఒకదానిమీద ఒకటి జారకపోవడమే గట్టితనం. కానీ ఆ ఇరుకులో ఉన్నవాళ్ళ ఓపిక ఎంతో తెలుసుగా, ఒక దెబ్బ పడితే పెళుక్కుమంటుంది.

అందుకే మళ్ళీ కొంచెం కాచాలి, గేటు కాస్త తెరవాలి. ఈసారి వేడి 200 నుంచి 300 డిగ్రీల మధ్యనే, ఇనుము వెలగదు. మరి ఎలా తెలుస్తుంది? ముంచి తీసిన ఉక్కును రాతిమీద రుద్ది మెరిసేలా చేస్తే, కాగేకొద్దీ దానిమీద వేరే రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత వంకాయ రంగు, ఆపైన నెమలి మెడ నీలం. ఉక్కు మీద ఏర్పడే సన్నని ఆక్సైడ్ పొర మీద వెలుతురు ఆడే ఆట అది. సబ్బు బుడగమీద, వాన నీళ్ళలో పడ్డ నూనెచుక్కమీద కనిపించేవి కూడా ఇలాంటి రంగులే. పొర మందం మారితే రంగు మారుతుంది. గీసే కత్తికి ఎండుగడ్డి చాలు. రాతిని పొడిచే గడ్డపార మొనకు వంకాయ దాటాలి, లేకుంటే విరుగుతుంది. ఆ రంగు నిలిచేది నాలుగైదు రెప్పపాట్లు. ఆచారి తాత అప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, కరణంతో అయినా సరే.

మాకందరికీ పండగ మాత్రం బండి చక్రానికి పట్టా వేసే రోజు. ఐదడుగుల చక్రం, చుట్టుకొలత దాదాపు పదహారడుగులు. పట్టాను చక్రంకంటే కావాలనే చిన్నదిగా చేసి, నేలమీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పుపెట్టేవాళ్ళు. మీటరు ఇనుము ఒక డిగ్రీకి మిల్లీమీటరులో వందో వంతుకంటే కొంచెం ఎక్కువ సాగుతుంది. ఇది లెక్కకే రాదనిపిస్తుంది. కానీ 600 డిగ్రీలకు ఆ పట్టా మొత్తం 34 మిల్లీమీటర్లు సాగుతుంది, అంటే అంగుళం దాటి. నలుగురు పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, కట్టె అంటుకునేలోపు నీళ్ళు కుమ్మరిస్తే అది బిగుసుకుంటూ ఆకులన్నిటినీ ఇరుసువైపు నొక్కేస్తుంది. కటకటమని కీళ్ళు బిగిసే చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

ఈ పనులకు డబ్బు ఉండేది కాదు. పంట కళ్ళంలో ధాన్యం మేరగా కొలిచేవాళ్ళు, పంట పోతే అదీ లేదు. గౌరవం కూడా కొలిచే ఇచ్చేవాళ్ళు. ఇక్కడ మా పాత జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి కలిసి విశ్వబ్రాహ్మణులు. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళు వాళ్ళ పురోహితులే వేదమంత్రాలతో చేసుకోవచ్చా అనే తగవు చిత్తూరు జిల్లా అదాలతుకు ఎక్కింది. ఇటు మార్గసహాయం ఆచారి, అటు పంచాంగం గుండయ్య. 1818లో జడ్జి డేకర్ విశ్వబ్రాహ్మణుల పక్షాన తీర్పు చెప్పాడు. సొంత ఇంట్లో సొంత పెళ్ళి చేసుకోవడానికి దొర సంతకం కావలసివచ్చిందన్నమాట!

సరిగ్గా ఆ మరుసటి సంవత్సరం, 1819లో, లండన్‌లో ఒక కమ్మరి కొడుకు మన ఉక్కు ముక్కను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన మైకేల్ ఫారడే. తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి, ఒంట్లో బాగాలేక చితికిపోయినవాడు. తర్వాత విద్యుత్తుకు దారి చూపిన ఆ కొడుకు అప్పట్లో మనదేశపు ఉక్కు గుట్టు వెతుకుతున్నాడు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'వూట్జ్' అనేవారు. మన తెలుగు, కన్నడ 'ఉక్కు'కు అది వాళ్ళ నోట పుట్టిన రూపమంటారు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియానుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. ఫారడే పరీక్షించి, దాని గొప్పతనం అల్యూమినా, సిలికాలవల్ల అన్నాడు. అది తప్పు. అసలు గుట్టు కార్బన్‌లో, అది చల్లారే తీరులో ఉంది. అంతటివాడు పొరబడితే నాకు ఎందుకో కాస్త సంతోషమే!

ఉక్కు ఖరీదు. కాబట్టి మా కమ్మరి కొడవలి మొత్తం మెత్తని ఇనుముతో చేసి అంచుకు మాత్రం ఉక్కు ముక్క అతికేవాడు. తెల్లగా కాగిన ఇనుము మీద పిడికెడు ఇసుక చల్లేవాడు. మంత్రమేమో అనుకునేవాణ్ణి. ఇనుముమీద పట్టిన పొక్కుతో ఇసుక కలిసి గాజులా కరిగి, సమ్మెట దెబ్బకు పిచికారీలా బయటికి చిమ్ముతుంది. శుభ్రపడ్డ రెండు లోహాలు ఒకటవుతాయి.

అంతకు చాలా ముందే సీమ ఇనుము చవగ్గా దిగింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో బొగ్గు కాల్చుకోవడం నేరమయ్యే రోజులొచ్చాయి. ఘాట్ రోడ్డు మీద బస్సులు వచ్చాక ఆచారి తాతకు ఒక లాభం కలిగింది: విరిగిన కమాన్ పట్టీలు. అవి మంచి ఉక్కు, కొడవళ్ళకు బాగా పనికొచ్చేవి.

కొలిమి వెలుగులో కంటికి కనిపించని పరారుణ కిరణాలూ ఉంటాయి. ఏళ్ళ తరబడి అటే చూసేవాళ్ళకు కంట్లో శుక్లం తొందరగా వస్తుంది. ముసలాయనకూ వచ్చింది. కళ్ళే పనిముట్లైనవాడికి కళ్ళు పోయాయి. అయినా కొలిమి ఆగలేదు. పట్టుకారు ఆయన చేతిలోనే ఉండేది. "ఏం రంగే?" అని అడిగేవాడు. నలభై ఏళ్ళు తిత్తి ఊదిన అవ్వ తల తిప్పకుండానే, "ఇంకా మోదుగే. ఉండు... ఆఁ, తంగేడు" అనేది. సుత్తి పడేది.

ఆ రంగులు మీరూ చూడాలనుకుంటే ఒక కొత్త మేకు తీసుకోండి. గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్దండి. ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని, తలవైపు పట్టకారుతో పట్టుకుని, మొన గ్యాసు మంటలో పెట్టండి. మొననుంచి తలవైపు ఎండుగడ్డి, దాని వెనకే వంకాయ, దాని వెనక నెమలి మెడ పాకుతూ వస్తాయి. తీశాక వెంటనే ముట్టుకోవద్దు. నల్లగా కనిపించే ఇనుము 400 డిగ్రీల వేడిమీద కూడా ఉండొచ్చు.