టీకా వేసే ముందు ఎవరిని అడిగారు?

అప్పట్లో వరంగల్‌కు పక్క జిల్లా ఖమ్మం. 2009 జులైలో అక్కడ ఒక కొత్త టీకా మొదలుపెట్టారు. అప్పటికి భద్రాచలం, కొత్తగూడెం కూడా ఖమ్మం జిల్లాలోనే ఉండేవి. ఆ టీకా పేరు హెచ్‌పీవీ టీకా. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేశారు. సుమారు 14 వేల మందికి వేశారు.

ఈ టీకా ఎందుకు? ఆడవాళ్ళకు గర్భసంచి ముఖం దగ్గర క్యాన్సర్ వస్తుంది. హెచ్‌పీవీ అనే వైరస్ దానికి కారణం. ఎరుపు, తెలుపు అవుతున్నా సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. దవాఖానకు పోయేసరికి రోగం ముదిరిపోతుంది. చిన్న వయసులో టీకా వేస్తే ఆ వైరస్ నుంచి కాపాడుతుంది. కాబట్టి టీకా మంచిదే. ఈ మాట ముందే చెప్పుకోవాలి.

మరి గొడవ ఎక్కడ వచ్చింది?

పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఆ పని చేశాయి. ఐసీఎంఆర్ అంటే దేశంలో వైద్య పరిశోధన చూసే పెద్ద సంస్థ. ప్రభుత్వం వేసే టీకాల్లో దీన్ని ఎలా చేర్చాలో తెలుసుకోవాలని వాళ్ళ ఉద్దేశం. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇలాగే చేశారు.

ఖమ్మంలో టీకా వేయించుకున్న పిల్లల్లో చాలామంది గిరిజన పిల్లలు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదివేవాళ్ళు. అమ్మానాన్న ఊళ్ళో, పిల్ల హాస్టల్లో. టీకాకు తల్లిదండ్రులు ఒప్పుకున్నట్టు ఫారం కావాలి. ఆ ఫారాలను తర్వాత కేంద్ర ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ బయటికి తీసి చూసింది. 9,543 ఫారాలు చూసింది. అందులో 2,763 ఫారాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది! ఇంకో 1,948 ఫారాల మీద వేలిముద్రలు. వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి చెప్పారా? కాగితం చూస్తే ఆ సంగతి తెలియదు.

టీకా వేసిన తర్వాత రెండు రాష్ట్రాల్లో కలిపి 7 మంది పిల్లలు చనిపోయారు. అధికారులు చెప్పిన కారణాలు వేరు. నీళ్ళలో మునగటం, పాము కాటు, పురుగుల మందు, మలేరియా జ్వరం. టీకా వల్ల చనిపోయినట్టు విచారణలో తేలలేదు. కానీ జనం నమ్మలేదు. ముందు ఏమీ చెప్పనివాళ్ళు తర్వాత చెబితే ఎవరు నమ్ముతారు? మహిళా సంఘాలు అడిగాయి, పత్రికలు రాశాయి. 2010 ఏప్రిల్‌లో పని ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు కమిటీ కూడా గట్టిగా తప్పు పట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ టీకా దేశమంతటా రాలేదు. నష్టపోయింది ఆడపిల్లలే.

డాక్టరు నెత్తురు పరీక్ష చేస్తే టీకా పనిచేసిందో లేదో తెలుస్తుంది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో నెత్తురు పరీక్షలో తెలియదు. అది తెలుసుకునే చదువు వేరే ఉంది. దాన్ని సమాజ శాస్త్రం అంటారు. ఆ చదువు చదివినవాళ్ళు ఊళ్ళో ఉంటారు. జనంతో మాట్లాడతారు, వాళ్ళ మాట వింటారు. టీకా పరిశోధనకు ఈ రెండు చదువులూ కావాలి. ఆఫ్రికాలో ఇలా రెండూ కలిపి చేసిన పనులు ఉన్నాయి.

ఆఫ్రికాలో గాంబియా అనే చిన్న దేశం ఉంది. 2000 నుంచి అక్కడ పసిపిల్లలకు న్యుమోనియా టీకా పరీక్షించారు. 17 వేలకు పైగా పిల్లలు అందులో ఉన్నారు. సగం మందికి టీకా వేశారు, సగం మందికి ఆ టీకా లేని సూది వేశారు. ఏ పిల్లకు ఏది పడిందో తల్లికి తెలియదు. టీకా పడిన పిల్లల్లో చావులు నూటికి 16 వంతులు తగ్గాయి. డాక్టర్ల లెక్క అది. ఆ తల్లులతో కూర్చుని మాట్లాడినవాళ్ళకు ఇంకో సంగతి తెలిసింది. పిల్లల నెత్తురు తీస్తుంటే తల్లులకు భయం. అయినా ఒప్పుకున్నారు. ఎందుకంటే అక్కడ మంచి వైద్యం ఉచితంగా దొరికేది. ఇది పరిశోధన అని చాలామందికి సరిగా తెలియనే తెలియదు.

సియెర్రా లియోన్ కూడా ఆఫ్రికా దేశమే. 2014లో అక్కడ ఎబోలా అనే ప్రాణాంతక జ్వరం వ్యాపించింది. 2015లో కాంబియా అనే జిల్లాలో ఎబోలా టీకా పరీక్ష మొదలైంది. ఈసారి సమాజ శాస్త్రం చదివినవాళ్ళు మొదటి నుంచీ డాక్టర్లతోనే ఉన్నారు. ఊరివాళ్ళనే కొందరిని పనిలో పెట్టుకున్నారు. నెత్తురు ఎందుకు తీస్తున్నారు, నన్నే ఎందుకు పిలిచారు, ఇలాంటి ప్రశ్నలు విని డాక్టర్లకు చేరవేశారు. డాక్టర్లు జవాబు చెప్పాల్సి వచ్చేది.

మన దేశంలో 2019లో కొత్త మందుల పరీక్షలకు నియమాలు వచ్చాయి. చదువు రాని మనిషి దగ్గర ఒప్పుకోలు తీసుకుంటే పక్కన సాక్షి ఉండాలి. ఆ సాక్షి మొదటి నుంచి చివరిదాకా ఉండాలి, సంతకం పెట్టాలి. సంగతులన్నీ అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఫారం నకలు ఇంటికి ఇవ్వాలి. ఐసీఎంఆర్ 2017 నియమాల ప్రకారం 7 ఏళ్ళు దాటిన పిల్లనైతే ఆ పిల్ల ఇష్టం కూడా అడగాలి.

ఇవి పరిశోధనకు నియమాలు. సబ్ సెంటర్‌లో వేసే మామూలు టీకాలకు ఇన్ని కాగితాలు ఉండవు. అక్కడ ఏఎన్ఎం అక్కనే అడగవచ్చు. ఇది ఏ రోగానికి? ఎన్నిసార్లు వేయాలి? రాత్రి జ్వరం వస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోను చేయాలి?